ఇర్యా వాళ్ళ ఆదివారాలు

తోడికోడలు ఇర్యా సుఖపడిపోతోందని సైమి మొదటిసారి విన్నది అంగడి బస్సులో. కొర్పిమాకి ఊళ్ళో కొట్టు లేదు. వారానికి రెండుసార్లు ఒక పాత బస్సే పంచదార, కాఫీ గింజలు, దారపుండలు అరల్లో సర్దుకుని వచ్చి, పాల క్యాన్లు పెట్టే అరుగు పక్కన ఆగేది. ఆడవాళ్ళంతా ఎక్కేవాళ్ళు. కొనేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ.

"మీ మరిది వాళ్ళకి లాహ్తి పట్నంలో కొత్త ఇల్లొచ్చిందటగా," అంది పొరుగింటి హిల్మత్త, కాఫీ పొట్లం వాసన చూస్తూ. "మూడో అంతస్తట. కొళాయి తిప్పితే సలసల కాగే నీళ్ళేనట! ఇర్యా వాళ్ళమ్మ చెప్తూ ఉంటే నోరు తెరుచుకుని విన్నాం."

"ఊఁ," అంది సైమి. అడగాల్సిన ఈస్టు అడక్కుండానే బస్సు దిగిపోయింది.

సైమికి అప్పటికి ముప్ఫై ఒకటి. పొడుగాటి మనిషి, పనిలో పిడుగు. పెళ్ళికి ముందు ఒక చలికాలమంతా కుయోపియో పట్నంలో టోపీల దుకాణంలో పనిచేసింది. ఆ నాలుగు నెలలూ దీపాలున్న వీధుల్లో నడిచింది, ఆదివారాలు సినిమాకి వెళ్ళింది. తర్వాత కౌకో కనిపించాడు. మాటలు తక్కువ, చేతిలో పనితనం ఎక్కువ. పడవలు చేసేవాడు, కుర్చీ కాలు విరిగితే అతుకు కనపడకుండా బాగుచేసేవాడు. అతని కోసం సైమి పట్నం వదిలి, పదకొండు ఆవులున్న ఇంటికి కోడలై వచ్చింది. వచ్చిన కొత్తల్లో ఒకసారి, "మనం కూడా ఎప్పుడైనా పట్నం వెళ్దామా?" అని అడిగింది. "ఈ నేల వదిలి నేనెక్కడికీ రాను," అన్నాడు కౌకో. సైమి మళ్ళీ అడగలేదు.

కౌకోకి తైస్తో అని ఒక తమ్ముడు. అతను ఇర్యాని పెళ్ళి చేసుకుని తెచ్చాక, నాలుగేళ్ళు రెండు జంటలూ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఇర్యా నవ్వులమారి. పాలు పితకడానికి కూర్చుంటే సగంలో ఏదో ఒక కబురు గుర్తొచ్చి పడీపడీ నవ్వేది. ఆలోగా ఆవు కాస్తా బకెట్టు తన్నేది. మిగిలిన ఆవుల్ని సైమి పితికేది. అయినా ఇర్యా మీద ఎవరికీ కోపం వచ్చేది కాదు. అదే సైమికి మంట. ఆ పొలం రెండు కుటుంబాలకి చాలదని తేలాక తైస్తో తన వాటా అన్నకి వదిలేసి, ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని లాహ్తి వెళ్ళిపోయాడు. అక్కడ ఒక కుర్చీల ఫ్యాక్టరీలో వార్నీషు వేసే పని దొరికింది.

"ఆర్నెల్లు," అంది సైమి ఆ రోజు వాళ్ళ సామాను బండి కనుమరుగవుతూ ఉంటే. "ఆర్నెల్లు తిరక్కుండా తోక ముడుచుకుని వస్తారు చూడు."

వాళ్ళు రాలేదు. ఏడాదిన్నర గడిచింది.

అరవై ఏడు మార్చిలో కౌకో ఒకరోజు కట్టెలు పేరుస్తూ, ఉన్నట్టుండి అన్నాడు: "తైస్తో వాళ్ళు పిలుస్తున్నారుగా, నువ్వొకసారి వెళ్ళిరా. మన పాపనీ ఆవుల్నీ నేను చూసుకుంటా."

"నేనా? ఎందుకూ?"

"ఊరికే. ఎలా బతుకుతున్నారో చూసిరా. ఉన్నది ఉన్నట్టు వచ్చి చెప్పు."

సైమికి వింతగా అనిపించింది గానీ, వెళ్ళింది. రై రొట్టె, వెన్న, చేపలు లోపల పెట్టి కాల్చిన కలకుక్కో రొట్టె సంచీ నిండా కుక్కుకుని రైలెక్కింది. పాపం వాళ్ళకి అక్కడ మంచి వెన్న ఎక్కడ దొరుకుతుందిలే అనుకుంది. అలా అనుకుంటే ప్రాణానికి హాయిగా ఉంది.

స్టేషన్లో ఎర్రకోటు వేసుకున్న మనిషెవరో చేతులు ఊపుతూ పరుగెత్తుకొస్తూ ఉంటే, తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూసింది. ఇర్యాయే. జుట్టు కత్తిరించి ఉంగరాలు తిప్పించుకుంది. ఒళ్ళు చేసింది. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి.

"అక్కా! వచ్చేశావా! అబ్బ, ఈ సంచీ ఏంటి, ఆవుని గానీ మోసుకొచ్చావా?" అని ఇర్యా అక్కడే నవ్వు మొదలుపెట్టింది.

ఇల్లు చిన్నదే. రెండు గదులు, వంటిల్లు, ఒక బాల్కనీ. కానీ గోడలు వెచ్చగా ఉన్నాయి. ఎవరూ పొయ్యిలో కట్టె పెట్టకుండానే వెచ్చగా! ఇర్యా వంటింట్లో కొళాయి తిప్పి, "చెయ్యి పెట్టు, పెట్టి చూడు," అంది. సైమి పెట్టింది. వేడినీళ్ళు. పగుళ్ళు తేలిన వేళ్ళు చురుక్కుమన్నాయి. "ఆగు, ఇంకోసారి చూడు, ఇంకా వేడిగా వస్తాయి," అని ఇర్యా మళ్ళీ తిప్పింది.

"మా దగ్గరా వేడినీళ్ళుంటాయి," అంది సైమి, "కాచుకుంటే."

నాలుగింటికి ఫ్యాక్టరీ కూత వినపడింది. కాసేపటికల్లా తైస్తో ఇంట్లో ఉన్నాడు. బూట్లు విప్పి, వదినని పలకరించి, కూతురు తూలాని భుజాల మీద ఎక్కించుకుని గదంతా తిరిగాడు. మూడేళ్ళ యారి కాలు పట్టుకుని వేలాడాడు. సైమి ఎదురుచూస్తూనే ఉంది, ఇప్పుడు మళ్ళీ ఏదో పనికి లేస్తాడని. లేవలేదు.

"ఇంక పనేం లేదా?" అని అడిగేసింది.

"కూత కూశాక పనేంటి వదినా? కుర్చీలేమైనా అర్ధరాత్రి ఈనుతాయా?"

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పగలబడి నవ్వారు. సైమి కూడా నవ్వింది. లోపల మాత్రం ఏదో గుచ్చుకుంది.

శనివారం అందరూ మంచుగుట్ట మీంచి దూకే పోటీలు చూడ్డానికి వెళ్ళారు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. దుప్పటి పరుచుకుని, ఫ్లాస్కులో కాఫీ, కాగితంలో ఆవాల ముద్ద పూసిన వేడి సాసేజీలు. కాళ్ళకి పొడుగాటి స్కీ పలకలు తొడుక్కున్న మనుషులు అంత ఎత్తునుంచి గాల్లోకి లేస్తూ ఉంటే తూలా గుక్క తిప్పుకోకుండా అరిచింది. ఇర్యా మొగుడి భుజం మీద తల ఆన్చి కూర్చుంది, అందరి ముందూ. ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రం వాళ్ళుండే భవనం నేలమాళిగలో, అందరికీ కలిపి ఉన్న ఆవిరిస్నానపు గది సౌనాలో వాళ్ళ వంతు. కట్టెలు మొయ్యలేదు, బావి నీళ్ళు తోడలేదు, మీట నొక్కితే రాళ్ళు వేడెక్కాయి.

"ఇది సౌనానా? పొగ వాసనే లేదు," అంది సైమి.

"లేదుగా! జుట్టు మళ్ళీ మళ్ళీ కడుక్కోనక్కర్లేదు," అంది ఇర్యా.

ఏమన్నా దానికో మంచి వెతుక్కుంటుంది ఈ మనిషి అని సైమికి ఒళ్ళు మండింది.

కానీ అసలు దెబ్బ ఆదివారం తగిలింది. అలవాటు కొద్దీ సైమికి తెల్లవారకముందే మెలకువ వచ్చింది. లేచి, పక్క సర్ది, బట్టలు మార్చుకుని వంటింట్లో కూర్చుంది. చెయ్యడానికి ఏమీ లేదు. ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఈపాటికి కౌకో కొట్టంలో ఉంటాడు. పెళ్ళయ్యాక ఒక్క ఆదివారం కూడా, ఒక్క క్రిస్మస్ కూడా ఆవులు తనని పడుకోనివ్వలేదు. పాప పుట్టిన నాలుగో రోజునే మళ్ళీ పీట మీద కూర్చుంది. ఇక్కడేమో పొద్దెక్కి, ఎండ బల్ల మీద పడి, ఆ చివరి దాకా పాకినా ఎవరూ లేవలేదు. చాలాసేపటికి పడకగది తలుపు వెనక పిల్లల పాదాల చప్పుడు. వాళ్ళు అమ్మానాన్నల మంచం మీదకి దూకారు. తర్వాత నవ్వులు, ఆగి ఆగి నవ్వులు. "నాన్నా, నీ కాళ్ళు చల్లగా ఉన్నాయి!" అని తూలా కేకలు. దుప్పటి కింద నలుగురూ.

గోడకి ఇవతల సైమి కాఫీ కప్పు రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. బకెట్టు తన్నించుకునేదే, సగం ఆవులు నాకు వదిలేసేదే, దీనికా ఇదంతా? పట్నం కావాలని కలలు కన్నది నేను. దీపాల వీధులు చూసింది నేను. దొరికింది దీనికి!

కాసేపటికి ఇర్యా రాత్రి గౌనుతోనే వచ్చి, ఆవలిస్తూ, "అయ్యో, ఎప్పుడు లేచావక్కా?" అని పెనం పొయ్యి మీద పెట్టి అట్లు పోసింది. సైమి బయల్దేరేముందు ఆమె చేతులకి తన క్రీము రాసింది. ఇర్యా అరచేతులు మెత్తగా, పాపాయి చేతుల్లా ఉన్నాయి. సైమి ఆ చేతుల్ని చూసి తన చేతులు వెనక్కి లాక్కుంది.

ఇంటికొచ్చేసరికి కౌకో కొట్టంలోనే ఉన్నాడు. ఒక ఆవుకి పొదుగు వాచి, అతను దాని పక్కనే గడ్డిలో కూర్చుని వేడిగుడ్డతో కాపడం పెడుతున్నాడు. తలెత్తి, "బాగున్నారా?" అన్నాడు. ఆ గొంతులో ఏదో ఆత్రం ఉంది. సైమికి అప్పుడది పట్టలేదు.

బాగున్నారు అని ఒక్క మాట చెప్తే చాలు.

"ఏం బాగు," అంది. "అగ్గిపెట్టెలో నలుగురు. గోడ అవతల వాడు దగ్గితే ఇవతల ఉలిక్కిపడాలి. నీళ్ళేమో మందు వాసన. యారి ఎంత పాలిపోయాడో! తైస్తో ఒంటికి ఆ వార్నీషు కంపు వదలట్లేదు. ఇర్యా పైకి నవ్వుతుందిగానీ..."

"గానీ?"

"ఏముంది, దాని మొహం చూస్తే నాకు తెలీదా?"

కౌకో గుడ్డ మళ్ళీ వేడినీళ్ళల్లో ముంచాడు. "నువ్వైతే అక్కడ ఉండలేవన్నమాట," అన్నాడు.

"నేనా! ఒక్క వారం ఉంటే ఊపిరాడక చస్తాను."

అతను తలూపి గుడ్డ పిండుకున్నాడు. మర్నాడు హిల్మత్త ఇంటికి వెళ్ళి ఫోను చేసి వచ్చాడు. ఎవరికని సైమి అడగలేదు. పడవల గొడవేదో అనుకుంది.

మొగుడి దగ్గర చెల్లిన మాట బస్సులో చెల్లకుండా ఉంటుందా? గురువారం ఆడవాళ్ళు చుట్టూ మూగారు. సైమి మొదట పొదుపుగానే చెప్పింది. వాళ్ళు "అయ్యో!" అన్నకొద్దీ నాలుకకి పదును ఎక్కింది. వేడినీళ్ళు వారంలో సగం రోజులు రావట. పిల్లలకి ఆడుకోవడానికి జాగా లేక రోజంతా కిటికీకి అతుక్కుని ఊరి వైపు చూస్తారట. తను తీసుకెళ్ళిన వెన్న చూసి ఇర్యా కళ్ళనీళ్ళు పెట్టుకుందట. ఈ చివరిది చెప్తూ ఉంటే సైమికి నిజంగానే కాస్త జాలి కలిగింది, తను కల్పించిన ఆ ఇర్యా మీద. ఆ ఇర్యా ఎంత మంచిది! ఆ ఇర్యాని దగ్గరికి తీసుకుని ఓదార్చొచ్చు.

అంగడి బస్సు ఒక ఊళ్ళో ఆగిపోయేది కాదు. ఆ మాటలు కాఫీ పొట్లాలతో పాటు ఊరూరూ తిరిగి, పైఊళ్ళో ఉన్న ఇర్యా తల్లి చెవిన పడ్డాయి. ఆవిడ గుండెలు బాదుకుని ఉప్పేసిన పంది మాంసం, బంగాళాదుంపలు, పాత ఉన్ని మేజోళ్ళు పెద్ద పెట్టెకెత్తి లాహ్తికి పంపిందని సైమికి హిల్మత్తే చెప్పింది. ఆ రాత్రి సైమికి అన్నం సయించలేదు. కానీ నోరు విప్పి సర్దుకునే ధైర్యం రాలేదు. మంచు కరిగింది, దుక్కి అయింది, ఆవులు పచ్చికకి వెళ్ళాయి. మెల్లగా అంతా మర్చిపోతారులే అనుకుంది.

నడివేసవి పండగకి తైస్తో వాళ్ళు వచ్చారు.

ముందు కొండ మలుపులో ఒక లేతనీలం కారు కనపడింది. పాతదే, చిన్నదే, కానీ కారు. పెరట్లో ఆగగానే లోపల్నుంచి పాట వినపడింది. యారి ఒళ్ళో రేడియో. ఇర్యా పెద్ద పెద్ద పూల గౌనులో దిగింది. పిల్లలు ఎండకి కాగి తేనెరంగు తేలి ఉన్నారు. దిక్కులేనివాళ్ళని పలకరిద్దామని బన్నులూ వెన్నా పట్టుకుని వచ్చిన హిల్మత్తా, మరో ఇద్దరు ఆడవాళ్ళూ ఉన్నచోటే నిలబడిపోయారు. హిల్మత్త బన్నుల పళ్ళెం ఎవరికివ్వాలో తెలీక కడకి కారు మీద పెట్టింది.

"ఇదేంటి సైమీ, వీళ్ళు చిక్కి శల్యమయ్యారన్నావు?"

"ఎవరు, మేమా?" ఇర్యా నవ్వబోయి ఆగింది. సైమి వైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు.

కాఫీలు బయట బర్చ్ చెట్టు కింద బల్ల మీద సాగుతున్నాయి. సైమి తల దించుకుని కప్పులు నింపుతోంది. అప్పుడు తైస్తో అన్నతో అన్నాడు: "ఒరే అన్నయ్యా, ఇంకా నా కడుపులో మంట చల్లారలేదు. నీ చేతి పనితనం గురించి ఫ్యాక్టరీ మేస్త్రీకి ఎంత చెప్పాను! ఏప్రిల్ దాకా ఆ ఉద్యోగం నీకోసం పట్టి ఉంచుతానన్నాడు. పై అంతస్తులో ఇల్లు కూడా ఖాళీ. అంత తేలిగ్గా వద్దన్నావేం?"

కాఫీ కప్పు నిండి, పళ్ళెం నిండి, బల్లగుడ్డ మీదకి పారింది.

"సైమికి అక్కడ పడదు," అన్నాడు కౌకో, మామూలుగా. "చూసొచ్చి చెప్పిందిగా. దాన్ని ఊపిరాడని చోట ఎలా పెట్టను?"

కౌకో తమ్ముడి మొహం చూశాడు, ఇర్యా మొహం, తేనెరంగు పిల్లల్నీ చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. అతనికి అర్థమవడం సైమికి కనపడుతూనే ఉంది. అతను లేచి పడవల కొట్టానికి వెళ్ళిపోయాడు.

సైమి కాఫీ కూజా బల్ల మీద పెట్టేసి వెనకాలే వెళ్ళింది. కౌకో ఒక పలకకి చిత్రిక పడుతున్నాడు, పండగపూట.

"నా కళ్ళు నువ్వే అనుకుని పంపాను," అన్నాడు తల ఎత్తకుండా.

"ఉద్యోగం సంగతి నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే ఆశపడతావని. దొరక్కపోతే బాధపడతావని. నువ్వొకప్పుడు అడిగావుగా, వెళ్దామా అని. మర్చిపోయాననుకున్నావా?"

సైమి చెక్కపొట్టులో కూలబడింది. "నేల వదలనన్నావు నువ్వు. ఎన్నటికీ వెళ్ళలేం అనుకున్నా. వెళ్ళలేమని తెలిసి, వాళ్ళు ఎంత హాయిగా ఉన్నారో నా నోటితో ఎలా చెప్పమంటావు? ఆదివారం ఎండెక్కేదాకా పడుకుంటారు కౌకో! నలుగురూ ఒకే మంచం మీద నవ్వుకుంటారు. నేను గోడకివతల కూర్చుని విన్నాను. కుళ్ళిపోయాను. అంతే. ఇంకేం లేదు."

అతను చిత్రిక ఆపాడు.

సాయంత్రం సరస్సు ఒడ్డున సౌనా కాగాక, ఆడవాళ్ళ వంతు వచ్చింది. ఇర్యా, సైమి పై మెట్టు మీద ఎడంగా కూర్చున్నారు. రాళ్ళ మీద నీళ్ళు చుయ్యిమన్నాయి.

"మా అమ్మ నా గురించి ఎన్ని రోజులు ఏడ్చిందో తెలుసా?" అంది ఇర్యా. "నేను బాగున్నానని ఫోన్లో చెప్తే నమ్మలేదు. సైమి స్వయంగా చూసొచ్చి చెప్పిందే, అంది. నీ మాటకి ఊళ్ళో అంత విలువ. నా మాటకి లేదు."

"తిట్టు. కొట్టినా పడతాను."

"తిట్టాలనే వచ్చాను. దారంతా తిట్లు కూడబలుక్కున్నాను." ఇర్యా మోకాళ్ళ మీద గడ్డం ఆన్చింది. "ఒకటి చెప్పనా? ఆ రోజు కొళాయి రెండోసారి తిప్పాల్సిన పని లేదు. నీ మొహం చూద్దామనే తిప్పాను. నాలుగేళ్ళు ఈ ఇంట్లో ఏ పని చేసినా, సైమి అయితే ఎంత బాగా చేసేదో అన్నారు అందరూ. ఒక్కసారి నువ్వు నన్ను చూసి కుళ్ళుకుంటే చూడాలని ఉండేది. చూశాను. తృప్తిగా ఉండింది."

సైమి ఆమె వైపు తిరిగింది. ఆవిరిలో ఇద్దరి మొహాలూ ఎర్రగా ఉన్నాయి.

"అయినా నీ మీద కోపం పోలేదు," అంది ఇర్యా. "తొందరగా పోదు కూడా. రేపు మా అమ్మ దగ్గరికి నువ్వే వెళ్ళి చెప్పాలి."

సైమి వెళ్ళింది. ఇర్యా తల్లి ముందు నిలబడి, నేను చెప్పినవన్నీ అబద్ధాలు పెద్దమ్మా అంది. ఆవిడ తలుపు మొహమ్మీదే వేసేసింది. తర్వాత అంగడి బస్సులోనూ చెప్పింది, అది ఇంకా కష్టమైంది. ఆడవాళ్ళు ఆ వేసవంతా ఆమె ఏం చెప్పినా, "నిజమేనా, లాహ్తి నిజమా?" అని ఎకసెక్కం ఆడారు. కౌకో రెండు వారాలు పొడిపొడిగా మాట్లాడి, మూడో వారం కొట్టంలో ఆమె పక్కన పీట లాక్కుని కూర్చుని, "మేస్త్రీని మళ్ళీ అడగమన్నాను," అన్నాడు.

ఆ ఫ్యాక్టరీలో చోటు మరి దొరకలేదు. మరుసటేడు శరదృతువులో, లాహ్తికి బస్సు దూరంలో ఉన్న హైనోలాలో కౌకోకి ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పని దొరికింది. ఆవుల్ని తోలుకుపోయిన రోజు సైమి ఏడుస్తుందని కౌకో అనుకున్నాడు. ఆమె ఏడవలేదు, అతనే మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. కొత్త ఇంట్లో మొదటి ఆదివారం సైమి తెల్లవారకముందే లేచి, పనేం లేదని గుర్తొచ్చి, మళ్ళీ దుప్పటి కప్పుకుని, మొగుణ్ణి మోచేత్తో పొడిచి మరీ నిద్రలేపి, "ఇంక పడుకో," అంది. బడి వంటశాలలో ఉద్యోగం సంపాదించింది. రెండేళ్ళలో అక్కడ ఆమె మాటే చెల్లుబడి అయింది.

కుళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇర్యా వాళ్ళు సొంత పెరడున్న ఇల్లు కొనుక్కున్నారని తెలిసినప్పుడు సైమికి ఒకటిన్నర రోజు ముద్ద దిగలేదు. శనివారం బస్సెక్కి తిన్నగా అక్కడికే వెళ్ళింది. ఇర్యా నిచ్చెనెక్కి పై కిటికీలు తుడుస్తోంది.

"నాకు ఒళ్ళంతా మండిపోతోంది," అంది సైమి గుమ్మంలోనే. "పెరడు కూడానా నీకు? ఆపిల్ చెట్లు కూడానా?"

ఇర్యా పైనుంచి తడిగుడ్డ ఆమె చేతిలోకి విసిరింది.

"కుళ్ళుకో, బాగా కుళ్ళుకో. కుళ్ళుకుంటూనే ఆ కింది కిటికీలు తుడువు."